పసుపు పూసిన పిస్తోలు

మహబూబ్‌నగర్ గడియారం చౌరస్తా పక్క సందులో, ఫొటో ఫ్రేముల దుకాణం పైన ఉన్న ఆ ఆఫీసుకు జనం మామూలుగా రెండు పనుల మీద వస్తారు. పెళ్లికొడుకు గురించి ఆరా తీయమనో, పోయిన బండి వెతకమనో. గొంగడి మూట చంకలో పెట్టుకుని మెట్టుమెట్టుకూ ఆగుతూ వచ్చినవాడు ఆ మే నెల పొద్దున కురుమయ్య ఒక్కడే.

గుర్వయ్య పైనుంచి చూసి గుర్తుపట్టాడు. ముప్పై ఏళ్లు దేవరకొండ రూట్లో బస్సు కండక్టరుగా చేసినవాడు, ఒక్కసారి టికెట్ కొట్టిన ముఖాన్ని కూడా మరచిపోడు. ఈ ముఖమైతే చిన్నప్పటినుంచీ ఎరిగిన తన ఊరి ముఖం.

"కురుమయ్య కాకా! నువ్వేంది గిట్లొచ్చినవు?"

"మీ మేడం ఉన్నదా గుర్వా? నన్ను ఠాణాకు గుంజుకపోతరట. డెబ్బై ఏండ్లల్ల ఠాణా మెట్టెక్కలేదు నేను."

మేడం అంటే ప్రమీలమ్మ. హైదరాబాదులో సర్కారు పరీక్షశాలలో, తుపాకుల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి, రిటైరై సొంతూరికొచ్చి డిటెక్టివ్ బోర్డు పెట్టింది. ఇంట్లో వాళ్లు తీర్థయాత్రలకు పొమ్మంటే పోలేదు. గుర్వయ్య కూడా రిటైరయ్యాక ఆమె దగ్గర అసిస్టెంటుగా చేరాడు. రాష్ట్రం మొత్తంలో ఇంత బుర్ర ఇంకెవరికీ లేదని అతని గట్టి నమ్మకం. ఆ మాట ఆమె ముందర అంటే మాత్రం పోయి చాయ్ చెప్పిరమ్మంటుంది.

కురుమయ్య మూట విప్పాడు. లోపల ఒక పాత పిస్తోలు. మూరెడు పొడవు, లావు గొట్టం, నల్లబడ్డ కర్ర పిడి. గుర్రం మీది సిపాయిలు జీనుకు కట్టుకునే రకం. గొట్టంలోకి మందు దట్టించి, పక్కన నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీ పెట్టి పేల్చేవాళ్లు.

"మా తాత తండ్రి బీరయ్య నిజాం ఫౌజుల గుర్రం సవారు. ఆయన పిస్తోలు ఇది. అంటే, గది గాదు. గిది దాని జాగల వచ్చిన దొంగది." ముసలాయన పిస్తోలును దూరంగా నెట్టాడు. "రాష్ట్రమొచ్చి పదేండ్లయితాందని దేవరకొండ ఖిల్లా కింద ఒక గది కట్టిన్రు. పాత సామాన్లు పెడ్తరు. మా బీరయ్య తాత పేరు రాసి, కింద పిస్తోలు పెడ్తమన్నరు. సరే అన్న. మూడు దినాలు కమిటీ బీరువాల పెట్టిన్రు. ఆ ఎన్క అసలుదా కాదా చూపియ్యాలని నల్గొండకు తీస్కపోయిన్రు. ఆ సారు చూసి నకిలీదని రాసిచ్చిండు. ఇగ ఊరోల్లంత, ముసలోడు అసలుది అమ్ముకొని దొంగది తెచ్చిండు అంటున్రు. ఎల్లుండి కమిటీ కూసుంటది. ఒప్పుకోకుంటే పోలీసులకు రాసిస్తరట."

"ఏ సారు చూసిండు?" అడిగింది ప్రమీలమ్మ.

"విజేందర్ సారు, మేడం," గుర్వయ్య అందుకున్నాడు. "నేనే చెప్పిన కాకకు. పాత ఆయుధాల సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకెవలకు తెల్వదు."

ఆ మాట చెప్పేటప్పుడు అతని ఛాతీ కొంచెం ఉబ్బింది. విజేందర్ కాలేజీ చదువు చదివింది గుర్వయ్య బస్సులోనే. రోజూ ఎంత రద్దీ ఉన్నా డ్రైవరు వెనక సీటు మీద గుర్వయ్య తన తువ్వాల వేసి ఆపేవాడు. ఆ పిల్లవాడు కూర్చుని పుస్తకం తీసేదాకా బస్సు కదిలేది కాదు. తర్వాత లెక్చరరై, రిటైరై, పాత పిస్తోళ్లు సేకరించి పేపర్లలో పేరు తెచ్చుకున్నాడు. ఆ పేపరు ముక్కలన్నీ గుర్వయ్య ఇంట్లో ఉన్నాయి.

ప్రమీలమ్మ కొంగుకు కట్టుకున్న భూతద్దం విప్పి పిస్తోలు మీదికి వంగింది. పావుగంట సేపు గొట్టం, పిడి అంతా వెతికింది.

"కురుమయ్యా, నీకు కష్టంగ ఉంటది గని చెప్తున్న. ఇది నకిలీదే. సారు అబద్ధం రాయలే. మందు కాలిన చోట గుంటలు పడాలె, ఇక్కడ నున్నగుంది. ఫౌజు దళం ముద్ర కొట్టినాక చేతులల్ల నలిగితే అక్షరాలు అరుగుతయి, ఇవి నిన్న కొట్టినట్టున్నయి. పిడి చెయ్యి పట్టేకాడ అరగాలె, ఇది అంతటా ఒక్కతీరుగ గీకిన్రు. తుప్పు కూడ తేజాబు, అదే యాసిడ్, పోసి తెప్పిచ్చిందే."

"తుప్పే అమ్మా, నేనంటున్నది!" కురుమయ్య లేచి నిలబడ్డాడు. "మా పిస్తోలుకు తుప్పే లేదు. మేం కురుమోళ్లం. కడగని పచ్చి ఉన్నిల చుట్టిపెడ్తం. గొర్రె ఉన్నిల జిడ్డుంటది, ఇనుము చెడదు. మా తాతనాటికెల్లి అంతే."

"ఊళ్లె ఎవలన్న చూసిన్రా, తుప్పు లేదని చెప్పెటందుకు?"

ముసలాయన కూలబడ్డాడు. "పసుపు పూయకుండ బైటికి తియ్యమమ్మా. దసరాకు తీసి పసుపు పూసి బొట్లు పెడ్తం. ఊరోల్లు చూసేది పసుపు ముద్దనే. లోపలి ఇనుము చూసింది నేను, మా సాలమ్మ. సాలమ్మ పోయి ఏడాది దాటింది."

ప్రమీలమ్మ మళ్లీ భూతద్దం ఎత్తింది. "గుర్వయ్యా, బొమ్మ గీసుకో. తుప్పు మరకలు ఏడు. గొట్టం పొడవునా నాలుగు, మొదట్ల మూడు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు. మిగతా ఇనుమంత మంచిగనే ఉంది. తుప్పు గిట్ల ఎంచుకొని పడుతదా ఎక్కడన్న?"

గుర్వయ్య నోటుబుక్కులో గీశాడు. అర్థమైతే ఒట్టు.

*

మర్నాడు దేవరకొండ దారిలో ఎండ పెనం మీద కూర్చోబెట్టినట్టుంది. కురుమయ్య ఇంటి వాకిట్లో గొర్రెల దొడ్డి. అరుగు మీద గొంగడి పరిచి ఇద్దరినీ కూర్చోబెట్టి, పెద్ద చెంబులతో మజ్జిగ ఇచ్చాడు.

శివకృష్ణ వచ్చి దూరంగా నిలబడ్డాడు. కురుమయ్య తమ్ముడి కొడుకు. చిన్నప్పుడే తండ్రి పోతే కురుమయ్య దంపతులే పెంచారు. కమిటీకి కార్యదర్శి అతనే. పెదనాయన అతనివైపు చూడకుండా దొడ్డివైపు చూస్తున్నాడు.

"బీరువా తాళం ఎవలకాడుంటది?" అడిగింది ప్రమీలమ్మ.

"నా ఒక్కనికాడనే."

"మూడు దినాలల్ల మూట విప్పినవా?"

"లేదు మేడం. పసుపు పూసి కట్టిచ్చిండు పెదనాయన. నేనెందుకు విప్పుత?"

"నల్గొండలో ఎవలు లోపలికి పోయిన్రు?"

"ఎవలం పోలే. సారు మూట తీస్కొని లోపలి గదిలకు పోయిండు. మేమిద్దరం వరండాల కూసున్నం, గంటసేపు. మద్దెల ఒకసారి వచ్చి పెదనాయన తువ్వాల అడిగి తీస్కపోయిండు, పసుపు తుడుస్తనని." శివకృష్ణ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మేడం, పదిహేను దినాలాయె, మా పెదనాయన నాతోని మాట్లాడక. నేనే మార్చిన అనుకుంటుండు."

కురుమయ్య ఇటు తిరగలేదు. పెంచిన చేతులకు ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏముంటుందని గుర్వయ్యకు ఇద్దరిమీదా జాలేసింది.

ప్రమీలమ్మ లేచి ఇల్లంతా చూసింది. దేవుని గూటి పక్కన మేకుకు ఒక తువ్వాల విడిగా వేలాడుతోంది. తెల్ల తువ్వాల, సగం పచ్చగా ఉంది.

"ఇదేనా సారుకిచ్చిన తువ్వాల?"

"అదేనమ్మా. మల్ల ఇచ్చేసిండు."

"ఎందుకు ఉతకలే?"

"దేవుని పసుపుగద. మురికి మోరిల పారనియ్యొద్దు. దసరాకు బాయికాడ పిండి, ఆ నీళ్లు చెట్టు మొదట్ల పోస్తం. అందాక గట్లనే ఉంటది."

ఆమె తువ్వాలను కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, వాసన చూసి, కాగితంలో మడిచి సంచిలో పెట్టుకుంది. కిరోసిన్ వాసన గుర్వయ్య దాకా వచ్చింది.

*

నల్గొండలో విజేందర్ గేటు దాకా ఎదురొచ్చి గుర్వయ్యను కౌగిలించుకున్నాడు. "నా కండక్టరొచ్చిండు! రా గుర్వన్నా!" అని కేకేశాడు. గుర్వయ్య ముఖం వెలిగిపోయింది. మేడం చూస్తోందా లేదా అని పక్కకు కూడా చూశాడు.

హాల్లో గోడ పొడవునా అద్దాల బీరువా. లోపల ముప్పైకి పైగా పిస్తోళ్లు వరుసగా పడుకున్నాయి. విజేందర్ ఒక్కోదాని కథ చెబుతుంటే ప్రమీలమ్మ బీరువా ముందు నిలబడి ముక్కు ఎగబీల్చింది.

"గొర్రె వాసన ఒస్తాంది సార్ ఇక్కడ."

"మనమీద్నుంచే మేడం," గుర్వయ్య సిగ్గుపడుతూ చొక్కా దులుపుకున్నాడు. "గొంగడి మీద కూసోని వస్తిమి గద."

"అంతే అయ్యుంటది," అంది ఆమె. తర్వాత సోఫాలో కూర్చుని అడిగింది. "మీ రిపోర్టు చూసిన. నూటికి నూరుపాళ్లు కరెక్టు. ఒక్కటే అనుమానం. పసుపు ఎట్ల తీసిన్రు?"

"ముసలాయన తువ్వాలకే కిరోసిన్ పోసి తుడిచిన."

"పసుపు కింద తుప్పుండెనా?"

"ఎందుకుండదు? మీరు చూసిన మరకలే. తుడుస్తుంటే తుప్పు రాలింది." నవ్వాడు. "పాపం, ముసలాయనను ఎవరో మోసం చేసిన్రు. లేకుంటే ఆయనే చేసిండు."

"అంతకు ముందు ఆ పిస్తోలును మీరెప్పుడన్న చూసిన్రా?"

"ఎన్నడు లేదు. అదే మొదలు."

తిరుగు దారిలో ప్రమీలమ్మ తువ్వాలను మళ్లీ ఒకసారి విప్పి చూసింది. మాల్ ఊరు దాటాక అడిగింది. "గుర్వయ్యా, ఆ పిస్తోలు ఫొటో ఎవలన్న తీసిన్రా ఎప్పుడన్న?"

"నేనే తీసిన మేడం. రెండేండ్లయింది. దసరా ఎల్లిన నాలుగోనాడు కాక ఇంటికి పోతే గూట్లె ఉండె. సాలమ్మ చిన్నమ్మ అప్పటికింక లోపల పెట్టలే."

"నా ఫోనుకు పంపు."

పంపాడు. ఆమె చూసి, ఫోను ఒళ్లో బోర్లా పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏమైందని అడిగితే, "ఏం లేదు, బండి జాగ్రత్తగ నడుపు," అంది.

*

కమిటీ గది ఖిల్లా కిందనే. గోడలకు కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. "సవారు బీరయ్య" అని చెక్కిన నల్లరాయి పలక గోడకు బిగించి ఉంది. దాని కింద అద్దాల పెట్టె ఖాళీ. ఒకవైపు కురుమయ్య, ఇంకోవైపు శివకృష్ణ, మధ్యలో విజేందర్. తలుపు దగ్గర ఎస్సై నాగరాణి. కమిటీ పెద్దలు నలుగురు. విజేందర్ తన రిపోర్టు మళ్లీ ఒకసారి చదివి వినిపించి కూర్చున్నాడు.

ప్రమీలమ్మ లేచింది.

"సారు రాసింది నిజం. ఈ బల్ల మీదున్నది నకిలీ. ఇగ మార్చింది ఎవరన్నదే మిగిలింది. మూట మూడు జాగలల్ల ఉన్నది. కురుమయ్య ఇల్లు, శివకృష్ణ బీరువా, సారు గది." ఆమె సంచిలోంచి కొత్త తెల్లగుడ్డ తీసి, కిరోసిన్‌లో ముంచి, నకిలీ పిస్తోలు మీద ఒక్కసారి గట్టిగా తుడిచింది. గుడ్డమీద ఇటుకరంగు చారలు పడ్డాయి. అందరికీ తిప్పి చూపించింది. "సారు చెప్పినట్టే తుప్పు రాలింది. ఇప్పుడు ఇది చూడుండ్రి."

కాగితం విప్పి కురుమయ్య తువ్వాల పరిచింది. పసుపు. పసుపు తప్ప ఇంకేమీ లేదు.

"కిరోసిన్ పోసి సారు స్వయంగ తుడిచిన గుడ్డ ఇది. మల్ల ఎవరూ ఉతకలే, దేవుని పసుపని దాచిన్రు. దీనిమీద తుప్పు మరక ఒక్కటన్న ఉన్నదా? అంటే సారు చేతులల్ల పసుపు తుడిచిన పిస్తోలుకు తుప్పు లేదు. అసలుదే నల్గొండ దాకా పోయింది. మారింది అక్కడ, లోపలి గదిల, పసుపు తుడిచినంక. కురుమయ్య మార్చలే. శివకృష్ణ మార్చలే."

కురుమయ్య తల ఎత్తి మొదటిసారి కొడుకువంటి ఆ పిల్లవాని వైపు చూశాడు.

"ఒక తువ్వాల ముక్క పట్టుకొని..." విజేందర్ నవ్వబోయాడు. "నేను మార్చిన అంటున్నరా? గంటలో నకిలీ తయారుచేసిన్నా? ఆ పిస్తోలును అంతకు ముందు చూడనే లేదని చెప్పిన."

"చెప్పిన్రు," అంది ప్రమీలమ్మ. తర్వాత గుర్వయ్యవైపు తిరిగింది. ఆమె గొంతు కొంచెం తగ్గింది. "గుర్వయ్యా, నీ నోటుబుక్కు ఇయ్యి. ఈ మరకల బొమ్మ పక్కన నీ ఫొటో పెట్టి చూడు."

గుర్వయ్య చూశాడు. రెండేళ్ల కిందటి ఫొటో. గూట్లో మసక వెలుతురు. పసుపు ఎండి రాలిపోయి, నూనె పీల్చిన కుంకుమ బొట్లు ముదురు గోధుమ రంగు మచ్చలై కనిపిస్తున్నాయి. గొట్టం పొడవునా నాలుగు. మొదట్లో మూడు, ఒకదాని మీద ఒకటి.

"బొట్లెన్ని పెడ్తరు కురుమయ్యా?"

"అయిదు. ఎప్పటికి అయిదే." ముసలాయన ఫోను దగ్గరికి తీసుకుని కళ్లు చికిలించాడు. "గీ ఫొటోల దసరాకు మాత్రం... అప్పటికి సాలమ్మకు కండ్లు కనవడకుండ అయినయి. నేను పెడ్తనే అంటే వినలే. తడుముకుంట పెట్టింది. పెట్టిన కాడనే మల్ల పెట్టింది. గదే ఆఖరి దసరా ఆమెకు."

"ఈ నకిలీ చేసినోడు ఏడనో దూరం దేశంల ఉంటడు," అంది ప్రమీలమ్మ. "మన దసరా తెల్వదు, బొట్లు తెల్వదు. చేతిల ఉన్నది ఒక్క ఫొటోనే. మచ్చలున్న చోటల్ల తుప్పనుకొని, తేజాబుతోని ఏడు మచ్చలు దించిండు. కాబట్టి ఈ ఫొటో ఎవలకాడుంటే వాళ్లే చేయించిన్రు. చెప్పు గుర్వయ్యా. ఇది ఎవలకు పంపినవ్?"

గదిలో అందరూ తనవైపే చూస్తున్నారు. గుర్వయ్య నోటుబుక్కు మూశాడు. ఆ దినం బాగా యాదికుంది. ఎంత సంబరంగా పంపాడు. మా ఊరి కాకకాడ ఇటువంటిది ఉంది చూడు అని రాశాడు. గంటలోనే జవాబొచ్చింది, మామూలుదే గుర్వన్నా, పెద్ద విశేషం లేదు అని. తను అది నమ్మి ఊరుకున్నాడు. తర్వాత మళ్లీ తనే కాకను చేయిపట్టి ఆ గుమ్మం దాకా పంపినంత పని చేశాడు.

"ఒక్కరికే పంపిన," అన్నాడు. "విజేందర్‌కు."

విజేందర్ తల దించుకున్నాడు. నలభై ఏళ్లలో అతను గుర్వయ్యను చూడలేకపోవడం అదే మొదటిసారి.

"ఫొటోల ముద్ర చూడంగనే సారుకు అర్థమైంది, ఈ దళం పిస్తోళ్లు దేశంల నాలుగైదు కూడ మిగల్లేదని," ప్రమీలమ్మ చెబుతూ పోయింది. "కురుమయ్య అమ్మడు. అందుకని నకిలీ చేయించి పెట్టుకున్నడు, ఎప్పుడో ఒకప్పుడు తన బల్ల మీదికి వస్తదని. మార్చి ఊకుంటే రేపు ఇంకెవరో చూసి నకిలీ అంటరు, వేలు తనవైపే చూపిస్తరు. అందుకే తనే ముందుగ నకిలీ అని నిజం రాసిండు. నిజం చెప్పినోన్ని ఎవరనుమానిస్తరు? పసుపు తుడిచినంక తుప్పు లేదని చూసిండు, గుండె ఆగే ఉంటది. గని గంటల ఇంకో నకిలీ యాడికెల్లి తేవాలె? పసుపు కింద ఏమున్నదో ఊరికి తెల్వదు, ముసలాయన మాట ఎవరింటరని ధైర్యం చేసిండు."

ఎస్సై నాగరాణి ఫోను మోగింది. ఆమె విని, తల ఊపి, గదిలోకి చెప్పింది. "మావాళ్లు నల్గొండల సారు ఇంట్లనే ఉన్నరు. అద్దాల బీరువాల, మీరన్నట్టే, కింది వరుసల. గొర్రె ఉన్ని వాసనొచ్చేది ఒక్కటే ఉన్నదట."

"గుర్వన్నా," అన్నాడు విజేందర్ లేస్తూ. "నేను... ముప్పై ఏండ్లనుంచి వెతుకుతున్న అటువంటిదాని కోసం. నీకు తెల్వదు."

"నాకు తెల్వకపోవుడేంది?" గుర్వయ్య అతనికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నీకోసం బస్సు ఆపినోన్ని నేను. మా కాకను దొంగను చేస్తివి. నాతోనే చేపిస్తివి గదరా."

విజేందర్ ఎస్సై వెంట నడిచి బయటికి పోయాడు.

గుర్వయ్య చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మేడం మీద కూడా కోపమొచ్చింది. "నిన్ననే తెలుసు మీకు. చెప్పకపోతిరి."

"చెప్తే ఉండబట్టలేక నువ్వు నిన్న రాత్రే ఆయనకు ఫోన్ చేసెటోనివి. పిస్తోలు ఊరు దాటేది," అంది ప్రమీలమ్మ. "తప్పే, గుర్వయ్యా. నీ నోటితోనే చెప్పించిన. దానికి నన్ను తిట్టు."

అతను తిట్టలేదు. ఈసారి మెచ్చుకోబుద్ధి కూడా కాలేదు.

*

మూడో రోజు అసలు పిస్తోలు ఖిల్లా కింది గదికి వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, ఒక్క తుప్పు చుక్క లేకుండా. కురుమయ్య పసుపు పూసి, శివకృష్ణ చేత అయిదు బొట్లు పెట్టించి, బీరయ్య పేరు కింద అద్దాల పెట్టెలో పెట్టించాడు. పసుపుతోనే ఉండనియ్యుండ్రి అన్నాడు. ఎవరూ కాదనలేదు.

బయట అరుగు మీద గుర్వయ్య తల వంచుకుని కూర్చున్నాడు. ముసలాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నా ఫొటోతోనే గింత జరిగింది కాకా."

"అవు," అన్నాడు కురుమయ్య. కాదని సర్దిచెప్పలేదు. తర్వాత అడిగాడు. "గుర్వా, కోర్టు పనంతా అయిపోయినంక ఆ దొంగ పిస్తోలును నాకిస్తరేమో, మీ మేడంను జర అడుగుతవా?"

"అదెందుకు కాకా నీకు? దాన్ని చూస్తెనే నాకు కడుపుల మండుతాంది."

"అసలుదాని మీద బొట్లు ఏ ఏటికాయేడు తుడిచిపోయినయి బిడ్డా. సాలమ్మ తడుముకుంట పెట్టినయి ఆ దొంగదాని మీదనే ఉన్నయి. ఏడు." చూపుడువేలితో గాలిలో పెట్టి చూపించాడు, నాలుగు వరసగా, మూడు ఒక్కచోటే. "పచ్చి ఉన్నిల చుట్టిపెడ్త. ఇంకింత తుప్పు పడితే బొట్లు కలిసిపోతయి."